కాటన్ దొర ఊళ్లో ఓ కడప మనిషి

తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో కడపలో ఎక్కి పడుకుంటే రాజమండ్రిలో తెల్లారుతుందని అందరూ చెప్తారు. తెల్లారింది, నిద్ర మాత్రం పట్టలేదు. స్టేషన్ దగ్గర లాడ్జివాడు, వరద చూడ్డానికి జనం వస్తున్నారని చెప్పి రేటు పెంచేశాడు. కిటికీ తీస్తే గోదావరి కనిపిస్తుందన్నాడు. తీస్తే ఎదురింటి నీళ్ల ట్యాంకు కనిపించింది. పులస రేటు అడిగి, ఊరుకుని, రోజ్ మిల్క్ తాగాను.

రాజమండ్రిలో చూసినవి చాలానే ఉన్నాయి. రైళ్లు మానేసిన హేవలాక్ వంతెన, వీరేశలింగం ఇల్లు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు బొమ్మలు. ఆ కుర్రవాడి చేతిలో కళ ఉందని గుర్తుపట్టి ప్రోత్సహించింది ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన. వాటి గురించి ఇంకోసారి రాస్తాను. నా బుర్ర అప్పటికే వేరే దాని మీద ఉంది.

పుష్కర ఘాట్‌లో నీళ్లు ఎర్రగా, మెట్ల మీదికి వచ్చేసి ఉన్నాయి. ఒక పురోహితుడు ఎవరో దంపతుల చేత స్నాన సంకల్పం చెప్పిస్తున్నాడు. మధ్యలో గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజినీరు కాటన్ పేరు వచ్చింది. నిత్యం గోదావరి స్నానపుణ్యం ఇచ్చిన ఆ ఆంగ్లేయ భగీరథుణ్ణి స్మరిస్తున్నాను అని అర్థం వచ్చే శ్లోకం. ఇలా చెప్తారని ఎప్పటినుంచో విన్నదే. కానీ చెవులారా వింటే ఒళ్లు మండింది. ఎందుకంటే మా జేజి నోట్లో తెల్లదొరల కాలం అంటే ధాత కరువు. ఆవిడ పుట్టకముందు సంగతే, అయినా నిన్న జరిగినట్టు చెప్పేది.

1876లో మొదలైన ఆ కరువులో రాయలసీమ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని భారత చక్రవర్తినిగా చాటించాడు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకి పౌను ధాన్యం, ఒక అణా చాలని వైస్రాయ్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. ఆ తెల్లదొరల్లోనే ఒకడు ఇక్కడ భగీరథుడు!

ఆ మంట మీదే కోటిపల్లి బస్టాండ్ దగ్గర ధవళేశ్వరం షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు పట్టే సీట్లో ఐదుగురం. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు చూశాను. 1847లో పని మొదలుపెట్టి 1852కి ముగించారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు పాయల మీద మూడున్నర కిలోమీటర్ల పైన రాతికట్టడం. మొదట్లోనే పదివేలమంది కూలీలు దిగారు. వాళ్ల పేర్లు ఎవరికీ అక్కర్లేదు. కాటన్ పక్కన ఉండి పని నడిపించిన వీణం వీరన్న పేరైనా మావైపు ఎంతమంది విన్నారు? పాలకొల్లు వైపు ఉంటున్న బౌడెన్ అనే మిషనరీ ఆ కూలీలకే బైబిల్ చెప్పేవాడు. డెల్టాలో చర్చిల కథలో ఆ రాళ్లగుట్టల ప్రసంగాలకీ చోటుంది. అంటే ఒకే ఆనకట్ట ఒకరికి సంకల్పంలో శ్లోకమైంది, ఇంకొకరికి కొత్త మతానికి దారైంది. దొర ఏది కోరుకున్నాడో గానీ, ఆయన భక్తి మాత్రం క్రీస్తు మీదే.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక వెళ్దామని ఇంకో ఆటో ఎక్కాను. ఇప్పుడున్నది పాత ఆనకట్ట కాదు, 1982 నాటి బ్యారేజీ. దానికీ కాటన్ పేరే. పక్కన ఒక పెద్దాయన, ఆత్రేయపురం మనిషి, ఒళ్లో కొబ్బరిపిలకల సంచి. కడప నుంచి అని చెప్పగానే “అంత దూరం నుంచి మా దొరని చూడ్డానికి వచ్చారా అండీ!” అని మురిసిపోయాడు. నేను ఊరుకోలేదు. పరాయి పాలకుడికి దండలేమిటి పెద్దాయనా అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. గొంతు సవరించుకుని చిలకమర్తి పద్యం అందుకున్నాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం చెప్పిన పద్యం. భరతఖండం పాడియావు, మనం లేగదూడలం, మన మూతులు బిగించి కట్టి తెల్లవాళ్లు పాలు పితుకుతున్నారన్నది. బ్యారేజీ మీద వరద హోరులో, హారన్ల మధ్య, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు. బళ్లో నేర్చుకున్నాడట. చెప్పి, నా తొడ మీద తట్టి, “పితికారండీ, కాదన్లేదు. కానీ గడ్డేసింది ఈయనొక్కడే కదండీ” అన్నాడు.

పాలు ఎక్కువ ఇస్తుందనే వేశారు అన్నాను. నందన కరువు, ఆ తర్వాత కోరంగిని ఊడ్చేసిన 1839 ఉప్పెన, వీటితో జిల్లాలో శిస్తు పడిపోయింది. ఈస్టిండియా కంపెనీకి బాధ అక్కడ కలిగింది. ఆనకట్టకి డబ్బు అడుగుతూ కాటన్ రాసినవాటిలో కూడా రాబడి ఎంత పెరుగుతుందన్న లెక్కలున్నాయి. అలా రాయకపోతే వాళ్లు పైసా ఇచ్చేవాళ్లు కాదు, అది వేరే సంగతి. మా వైపూ ఆయన ఆలోచనే కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. 1860లలో మొదలుపెట్టి ఒక ప్రైవేటు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకి కట్ట వేసి కడప దాకా కాలువ తవ్వింది. ఆ కాలువ ఉండగానే ధాత కరువు వచ్చింది. కంపెనీ నిలదొక్కుకోలేక 1882లో కాలువని ప్రభుత్వానికి అమ్మేసింది.

“మీకు నీళ్లు రాలేదని మా దొర మీద కోపమా అండీ?” అన్నాడు. ఆటోలో వాళ్లంతా నా వైపు తిరిగారు.

మాట మార్చడానికి మా గండి సంగతి ఎత్తాను. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చేచోట ఆంజనేయస్వామి గుడి. రాముడు వస్తాడని వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, ఆయువు తీరినవాళ్లకే అది కనిపిస్తుందనీ, ఒకప్పుడు మాకు కలెక్టరుగా చేసిన థామస్ మన్రో దొరకి కనిపించిందనీ మావైపు చెప్పుకుంటారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మంత్రాలయంలోనైతే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి లేచి ఆయనతో మాట్లాడాడంటారు. నైజాం మా జిల్లాల్ని కంపెనీకి రాసిచ్చేశాక పాళెగాళ్లని అణిచి, రైతు చేతే నేరుగా శిస్తు కట్టించిన మనిషి. అయినా పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఊళ్లున్నాయి.

పెద్దాయన పగలబడి నవ్వాడు. “మీ దొరకి దేవుడు కనిపించాడు, మా దొరేమో భగీరథుడు. మీరేం తక్కువ తినలేదండీ!”

నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకోవాలని మాత్రం అనిపించలేదు. మంచి కలెక్టరుకీ మంచి ఇంజినీరుకీ గుళ్లో చోటిస్తాం సరే, పౌను ధాన్యం లెక్క కట్టినవాడి పేరు ఏ శ్లోకంలో వెతుక్కోవాలి? ఆ మాటే అడిగాను. ఆయన కాసేపు బయటికి చూసి, “అది మీరు రాసుకోవాలండీ, మాకు అంత కరువు రాలేదు” అన్నాడు.

బొబ్బర్లంకలో దిగబోతూ మళ్లీ నా వైపు తిరిగాడు. “గోదావరి నీళ్లే మీ వైపు బనకచర్లకి పంపిస్తామంటున్నారుగా. అవి వస్తే మీ సీమలో సంకల్పంలో ఎవరి పేరు చెప్తారండీ?”

నేను నోరు తెరిచేలోపే, వెనక బల్ల మీద కూర్చున్న ఒకావిడ “ఇంకెవరు, కాంట్రాక్టరు పేరే” అంది. ఆటో అంతా నవ్వులు. డ్రైవరు కూడా నవ్వి, నా దగ్గర మాత్రం పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.