నీళ్లు చల్లిన చెయ్యి

"నీకు తాపీ పట్టడం నేర్పింది ఎవరు?" అని ఫోర్‌మన్ అందరి ముందూ మా కుర్రాడి మీద కేకలేశాడు. గట్టిపడుతున్న స్లాబు మీద వాడు నీళ్లు చిలకరించి తాపీ తిప్పుతున్నాడు. వాడికి పని నేర్పింది నేను. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు.

నీళ్లు చల్లకూడదు, కాదనను. చల్లిన నీరు పైపొరలో సిమెంటును పలచబరుస్తుంది. ఇవాళ అద్దంలా ఉన్న నేల రేపు దుమ్ము రేగుతుంది, పెచ్చులూడుతుంది. అయితే ఆ చెయ్యి బకెట్ వైపు ఎందుకు వెళ్లిందో ఒక్కరూ అడగలేదే!

దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. పెద్ద స్లాబులు రాత్రిపూటే పోస్తాం. ప్లాంటులో కాంక్రీటుకు ఐసు కలిపి పంపినా, ఇక్కడి వేడిగాలి పైతడిని లాగేస్తుంది. చదరపు మీటరుకు గంటకు ఒక కిలో నీరు ఆవిరవుతోందంటే పగుళ్ల భయం ఉన్నట్టే. పైన పెంకు కడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలి మోసం చేస్తుంది. తొందరపడి నున్నగా మూసేస్తే కింద నుంచి ఊరే నీరు పొర కింద చిక్కుకుంటుంది. ఆగితే తాపీకి లొంగదు. ఆ కాస్త వ్యవధిలోనే పనంతా తెమలాలి. చలికాలంలో నలుగురు తీరిగ్గా చేసే విస్తీర్ణాన్ని వేసవిలోనూ అదే నలుగురికి అప్పగిస్తే చెయ్యి నీళ్లు వెతుక్కోదా?

మన మేస్త్రీలకు నీళ్లు చల్లడం తప్ప ఏమీ రాదని ఇక్కడ ఒక మాట. మన దగ్గర స్లాబు గట్టిపడ్డాక మడులు కట్టి వారం పాటు నీళ్లు నిలబెడతామే, అది ఎవరికీ గుర్తుండదు. ఈ సైటులో దానికి బదులు, లోపలి తడి ఆరిపోకుండా ఆపే తెల్లటి మందు పిచికారీ చేసి వెళ్లిపోతారు. సరిగ్గా పడితే అదీ మంచిదే. ఆ రోజు గాలికి సగం పక్కకు కొట్టుకుపోయింది. తెల్లగా కనిపించాల్సిన స్లాబు మీద బూడిదరంగు మచ్చలు నేను చూశాను. దానికి ఎవరినీ ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాతి పోతకు ఇద్దరిని ఎక్కువ ఇమ్మని, పరిచిన వెంటనే కప్పడానికి ప్లాస్టిక్ షీట్లు తెప్పించమని ఇంజనీరుగారిని అడిగాను. షీట్లు వచ్చాయి. మనుషుల సంగతి చూద్దామన్నారు. వాళ్లు రాకపోతే ఒకేసారి పోసే విస్తీర్ణమైనా తగ్గించమని మళ్లీ అడుగుతాను.