తమ్ముడిచ్చిన బాక్టీరియా

పంటి కింద చీము పడితే డాక్టరు క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ మందు తన పని తాను చేసింది. దవడ వాపు దిగింది, నొప్పి పోయింది, మళ్ళీ నమిలి తినగలిగాను. కోర్సు అయిపోయాక కొద్దిరోజులకు విరేచనాలు మొదలయ్యాయి. యాంటీబయాటిక్ వాడితే కడుపు కాస్త పాడవడం మామూలేనన్నారు ఇంట్లో. చాలామందికి మామూలే, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది కూడా. నాకు సర్దుకోలేదు. నీళ్ళలాంటి, ఘాటైన వాసన వేసే విరేచనాలు, పొత్తికడుపును మెలిపెట్టే నొప్పి, జ్వరం. రాత్రంతా బాత్రూముకీ మంచానికీ మధ్య తిరగడమే. మంచినీళ్ళు తాగాలన్నా భయం వేసేది.

మలపరీక్షలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా ఉందని తేలింది. డాక్టర్లు సి. డిఫ్ అంటారు. దీన్ని 1935లోనే అప్పుడే పుట్టిన పిల్లల మలంలో చూశారు. పసివాళ్ళలో ఇది తరచుగా ఏ హానీ చేయకుండానే ఉంటుంది. యాంటీబయాటిక్‌ల తర్వాత వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకు ఇదే కారణమని తెలియడానికి మాత్రం 1978 దాకా పట్టింది. ఇది వదిలే విషాలు పేగు లోపలి పొరను కాల్చినట్టు పుండు చేస్తాయి. దీని సిద్ధబీజాలు (గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపాలు) ఆల్కహాల్ శానిటైజర్‌కు చావవు. సబ్బు పెట్టి నీళ్ళ కింద రుద్ది కడుక్కోవాలి, బాత్రూమును బ్లీచ్‌తో శుభ్రం చేయాలి. ఇది ఇంట్లో అందరూ తెలుసుకోవలసిన విషయం. శానిటైజర్ రాసుకున్నాం కదా అని ధీమాగా ఉంటే ఇంకొకరికి అంటుతుంది.

ఇది నాలోకి ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్న నన్ను తొలిచేసేది. డాక్టరుగారు మాత్రం, "ఎప్పుడు వచ్చిందో పక్కన పెట్టండమ్మా, దాన్ని ఇన్నాళ్ళూ ఎవరు ఆపారో ఆలోచించండి" అన్నారు. ఈ జబ్బులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే.

ఆపింది పేగులో ఎప్పుడూ ఉండే ఇతర బాక్టీరియానే. కాలేయం తయారుచేసే పైత్యరసంలో కొన్ని ఆమ్లాలుంటాయి. వాటిలో కొన్ని సి. డిఫ్ బీజాలను మొలకెత్తిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగులో క్లాస్ట్రిడియం సిండెన్స్ వంటి బాక్టీరియా ఆ ఆమ్లాలను మరో రూపంలోకి మారుస్తాయి. ఆ రెండో రూపం సి. డిఫ్‌ను పెరగనివ్వదు. అలా మార్చే బాక్టీరియాను యాంటీబయాటిక్ తుడిచిపెడితే మొలకెత్తించేవి మిగులుతాయి, అణిచేవి ఉండవు. ఖాళీగా వదిలేసిన చేలో పంట కంటే ముందు కలుపు లేచినట్టు, ఆ చోటంతా సి. డిఫ్‌దే అయింది.

అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాను, చదివేకొద్దీ నా ఒంటి మీద నాకే గౌరవం పెరిగింది. మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయనీ, మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లనీ 2016లో లెక్కగట్టారు. ఆ బాక్టీరియా మొత్తం బరువు 200 గ్రాములే. రోగనిరోధక శక్తి అనగానే మనకు రక్తంలోని తెల్లకణాలు గుర్తొస్తాయి గానీ, రోగనిరోధక కణాలు పెద్ద ఎత్తున కాపలా కాసేది పేగు గోడలోనే. మనం జీర్ణం చేసుకోలేని పీచును అక్కడి బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. రోగనిరోధక వ్యవస్థ అనవసరంగా రెచ్చిపోకుండా అదుపులో ఉంచే టి కణాలు అనే ఒక రకం తెల్లకణాలు పెరగడానికీ అది తోడ్పడుతుంది. పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా ప్రయోగశాలలో పెంచిన ఎలుకల్లో పేగుగోడలోని రోగనిరోధక కణజాలం సరిగా ఎదగనే ఎదగదు. అంటే శత్రువు ఎవరో, ఇంటివాళ్ళెవరో మన ఒంటికి నేర్పేది కూడా ఈ బాక్టీరియానే.

వైద్యం వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌తో మొదలైంది. నోటితో వేసుకుంటే ఆ మందు రక్తంలోకి దాదాపుగా చేరదు, పేగులోనే ఉండి పనిచేస్తుంది. త్వరగానే తేరుకున్నాను. మందు ఆపిన కొన్ని వారాలకు మళ్ళీ అదే వాసన, అదే నొప్పి. తొలిసారి తగ్గినవాళ్ళలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుందట. ఒకసారి తిరగబెట్టినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. మళ్ళీ వాంకోమైసిన్, మళ్ళీ ఊరట, మళ్ళీ విరేచనాలు. మందు సి. డిఫ్‌ను చంపుతోంది గానీ బీజాలను చంపలేకపోతోంది, పైగా పోయిన బాక్టీరియాను తిరిగి రానివ్వడం లేదు. ఈ రెండో సంగతి అర్థమైన రోజున నిజంగా భయపడ్డాను.

చూడవచ్చిన ప్రతివాళ్ళూ ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ (మేలు చేస్తాయనే బాక్టీరియాను నింపినవి) పేరు చెప్పేవాళ్ళు. ప్రేమతోనే చెప్పారు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పాలను పులియబెట్టే బాక్టీరియా పేగుకు మేలు చేస్తుందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వాదించిన ఎలీ మెచ్నికోవ్, 1908లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త (నోబెల్ రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, పాల్ ఎర్లిక్‌తో కలిపి). కానీ ఒకే డబ్బా మీద "మంచి బాక్టీరియా" అని రాసి అన్ని జబ్బులకూ అమ్మడాన్ని నేను ఒప్పుకోలేను. ప్రోబయాటిక్ మేలు చేస్తుందా అంటే ఏ రకం, ఎవరికి, దేనికి అని తిరిగి అడగాలి. ఒడిశాలో నాలుగున్నర వేల మంది నవజాత శిశువులకు జాగ్రత్తగా ఎంచుకున్న ఒక లాక్టోబాసిలస్ రకాన్ని, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి ఇస్తే, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతటినీ దెబ్బతీసే స్థితి) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. 2017లో వచ్చిన ఆ ఫలితం చదివితే కళ్ళు చెమర్చాయి. మరోవైపు, యాంటీబయాటిక్‌లు వాడుతున్న వయసు మళ్ళిన రోగులు సుమారు మూడు వేలమందితో 2013లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, ప్రోబయాటిక్ తీసుకున్నా విరేచనాలు తగ్గలేదు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఇంకో మాట చెప్పారు: యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్ళలో సొంత బాక్టీరియా తిరిగి రావడం నెలల తరబడి ఆలస్యమైంది. నాలో కరువైనవి వందల జాతులు. క్యాప్సూల్లో ఉండేవి గుప్పెడు.

అందుకే డాక్టరుగారు మలమార్పిడి గురించి చెప్పారు. ఆరోగ్యవంతుడి మలాన్ని పలుచన చేసి, వడగట్టి రోగి పేగులోకి పంపడం. 1958లోనే అమెరికాలో నలుగురికి చేసి చూశారు. 2013లో వెలువడిన ఒక డచ్ పరీక్షలో ఇలా చేసిన 16 మందిలో 13 మందికి ఒక్కసారికే నయమైంది. వాంకోమైసిన్ ఒక్కటే వాడిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు.

దాతగా తమ్ముడు ముందుకొచ్చాడు. నేను మొహమాటపడుతుంటే, "రక్తమైతే ఇవ్వనా అక్కా? ఇదీ అంతే" అన్నాడు. వాడి రక్తాన్ని, మలాన్ని హెచ్‌ఐవీకి, హెపటైటిస్‌కు, పరాన్నజీవులకు, మందులకు లొంగని బాక్టీరియాకు అన్నిటికీ పరీక్షించారు. ఈ పరీక్షలు తప్పనిసరి. 2019లో అమెరికాలో దాత మలం ద్వారా మందులకు లొంగని ఇ. కోలై అనే బాక్టీరియా సోకి, అప్పటికే రోగనిరోధక శక్తి తగ్గిపోయి ఉన్న ఒకరు చనిపోయారు. దీన్ని ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళున్నారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి.

మార్పిడి కొలొనోస్కోపీ ద్వారా, అంటే మలద్వారం నుంచి పెద్దపేగులోకి గొట్టం పంపి చేశారు. నాకు తెలిసిన మొదటి తేడా వాసన పోవడం. తర్వాత ఒక రాత్రి మధ్యలో లేవకుండా తెల్లవారింది. ఆకలి వేసింది, వేసిన ఆకలికి తిన్నది ఒంటపట్టింది. కడుపు కాస్త గడబిడ చేసినా గుండె ఝల్లుమనడం మాత్రం చాలాకాలం పోలేదు. పేగు కోలుకున్నా మనసు దాన్ని నమ్మడానికి టైమ్ తీసుకుంది. పీచు ఉన్న ఆహారాన్ని ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాను. పులియబెట్టిన ఆహారాలు కూడా తింటున్నాను. స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతులతో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, అవి తిన్నవాళ్ళ పేగుల్లో బాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి.

ఈ మధ్య మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ యాంటీబయాటిక్ అవసరమైంది. నా పాత కథ ముందే చెప్పాను. ఏ బాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు చూసి, సి. డిఫ్ ప్రమాదం తక్కువగా ఉండే మందును, సరిపోయేన్ని రోజులకే రాశారు. వేసుకున్నాను, తగ్గింది. ప్రోబయాటిక్ కూడా తీసుకోనా అని అడిగితే, మీకు వద్దన్నారు. కీమో తీసుకుంటున్నవాళ్ళకు, మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం ఉన్నవాళ్ళకు అయితే అసలు సొంతంగా వాడొద్దని చెబుతారట, ఆ క్యాప్సూల్లోని సూక్ష్మజీవులే అరుదుగా రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి కాబట్టి.