పక్క లేన్‌లో మనకంటే వేగంగా వెళ్లేవారు

స్ప్రింట్ కయాకింగ్ (నిశ్చలమైన నీటిలో తెడ్డు పడవల వేగ పందెం) జాతీయ జట్లు ఏడాదిలో అన్నేసి వారాలు విదేశాల్లో ఎందుకు గడుపుతాయని ఎవరైనా అడిగితే, వాతావరణం కారణమని చెప్పి ఊరుకోవడం నాకు అలవాటు. అందులో అబద్ధమేమీ లేదు. చలికాలంలో చెరువులు గడ్డకట్టే దేశాల వారు స్పెయిన్‌లోని సెవిల్లె నగరానికో, పోర్చుగల్ నదులకో తరలివెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. అయితే మా జట్టుతో కలిసి పరాయి నీళ్లలో సాధన చేసిన తరువాత అసలు కారణం వేరే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఈ ఆటలో స్టాప్‌వాచ్‌ను ఒక్కదాన్నే నమ్ముకున్నవారికి తాము ఎక్కడున్నారో ఎన్నటికీ తెలియదు.

పరుగు పందెం ట్రాక్ ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, నీళ్లు అలా ఉండవు. 5 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత (చిక్కదనం) 20 డిగ్రీల వద్ద ఉన్నదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. పడవ వేగం అంత మేరకు తగ్గదు గానీ, తెడ్డు వేసేవారికి ఆ బరువు మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది. లోతు తక్కువైన చోట పడవ తాను లేపిన అలలోనే చిక్కుకున్నట్టు ఈడ్చుకుపోతుంది. గాలి సంగతి చెప్పనే అక్కరలేదు. అంతర్జాతీయ కనూ సమాఖ్య కూడా ఈ క్రీడలో ‘ప్రపంచ రికార్డు’ అనకుండా ‘ప్రపంచ ఉత్తమ సమయం’ అని మాత్రమే నమోదు చేస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్‌కు చెందిన లీసా కారింగ్టన్ మహిళల కె-1 (ఒక్కరే నడిపే కయాక్) 500 మీటర్ల పోటీని 1 నిమిషం 47.36 సెకన్లలో ముగించి తన ఎనిమిదవ ఒలింపిక్ స్వర్ణం గెలుచుకున్నారు. వెనుక గాలి వీచే ఒక ఉదయం సొంత చెరువులో మనకు వచ్చిన అంకెను ఆ అంకె పక్కన పెట్టి చూసుకుంటే సంతోషం కలగవచ్చేమో గానీ, అది సమాచారం మాత్రం కాదు.

సమాచారం పక్క పడవ నుంచి వస్తుంది. శిబిరంలో ఆతిథ్య జట్టుతో కలిసి ఎక్కువ దూరం నడిపే రోజుల్లో, వారి పడవ లేపే అల మీద మన పడవను నిలబెట్టి వెంట వెళ్లడం మొదటి పరీక్ష. లేన్‌లలో జరిగే పోటీల్లో దీనికి అనుమతి లేదు. 5000 మీటర్ల పోటీలో మాత్రం ఆట అంతా దీని మీదే నడుస్తుంది. ముందువారి నడుము పక్కకు మన పడవ ముక్కు వచ్చేలా, అల వీపు మీద కాకుండా దాని ముందు వాలులో కూర్చోగలిగితే శ్రమ ఎంతో తగ్గుతుంది. ఒక్క తెడ్డు ఆలస్యమై ఆ వాలు జారిపోయిందంటే మాత్రం వెనుక నుంచి ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు పడవ నిలిచిపోతుంది, రెండు పడవల దూరం చూస్తుండగానే ఐదు అవుతుంది.

అల మీద అంత దగ్గరగా ఉన్నప్పుడు కనిపించేది ఏ వీడియోలోనూ కనిపించదు. నా పక్కన నడిపిన ఆతిథ్య జట్టు క్రీడాకారిణి తెడ్డును పాదం పక్కన నీటిలో దించేటప్పుడు చప్పుడు దాదాపు వినిపించేది కాదు. తెడ్డు చివరి వెడల్పాటి ఆకు మొత్తం మునిగేదాకా ఆమె లాగేదే కాదు. ఆ తరువాత భుజం కాదు, నడుము తిరిగేది, అదే వైపు కాలు పాదపలకను తొక్కేది, తెడ్డు తుంటి దాటకముందే పక్కకు తేలి బయటికి వచ్చేది. నిమిషానికి నేను వేసే తెడ్లు ఆమెకంటే ఎక్కువే. ముందుకు పోయింది మాత్రం ఆమె. నీటిని పట్టుకోకముందే లాగడం మొదలుపెడుతున్నారని మా కోచ్ చెబుతూనే ఉండేవారు. ఆ మాటకు అర్థం నాకు ఆమె పక్కన నడిపినప్పుడే తెలిసింది. పడవ అడుగున సాగే తాడు చుట్టి, దానికి బంతి గుచ్చి, కావాలని నీటి నిరోధాన్ని పెంచి చేసే సాధనలో ఈ లోపం మరీ బాహాటంగా బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ వేగంగా చేతులాడించి తప్పించుకునే వీలుండదు.

పడవల విషయం వేరే తలనొప్పి. 5.20 మీటర్ల పొడవుండే కె-1ను విమానంలో తీసుకెళ్లలేము గనుక, దూర దేశాల జట్లు తెడ్లు మాత్రమే వెంట తెచ్చుకుని పడవలు అద్దెకు తీసుకుంటాయి. అదే నమూనా, అదే కొలత అయినా సీటు ఎత్తు ఒక సెంటీమీటరు మారితే పడవ మనది కాకుండా పోతుంది. అందుకే సీటుకూ పాదపలకకూ మధ్య దూరం రాసుకున్న కాగితం, కొలిచే టేపు నా తెడ్ల సంచిలోనే ఉంటాయి. పోటీ తరువాత పడవను తూకం వేస్తారు. 12 కిలోలకు తగ్గితే ఫలితం రద్దవుతుంది.

పోటీ రోజు గురించి చెప్పవలసింది తక్కువే. హంగరీలోని సెగెద్ లాంటి కోర్సులో తొమ్మిది లేన్లు, ఒక్కొక్కటి తొమ్మిది మీటర్ల వెడల్పు, దారి కనిపించడానికి నీటిపై తేలే బోయాల వరుసలు ఉంటాయి. 2019తో సహా పలుమార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరిగిన కోర్సు అది. చుక్కానికి నాచు చుట్టుకుని ఉంటుందేమోనని ప్రారంభ రేఖ దగ్గర అందరూ రెండు మూడు తెడ్లు వెనక్కి వేసి చూసుకుంటారు. తరువాత పడవ ముక్కును గేటులో ఆనించి నిలబెట్టాలి, సంకేతంతో గేటు నీటిలోకి జారిపోతుంది. బి ఫైనల్ అంటే 10 నుంచి 18 వరకు స్థానాలు తేల్చే పోటీ. దాన్ని ఓదార్పు పోటీ అనుకునేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే మన స్థాయి వారు తొమ్మిది మంది ఒకే గాలిలో, ఒకే నీటిలో వరుసగా నిలిచే అవకాశం అక్కడే దొరుకుతుంది.

జట్లు నడిపేవారితో నాకున్న పేచీ ఇక్కడే. పోటీకి రెండు రోజుల ముందు దిగి, అద్దె పడవకు అలవాటు పడేలోపే తొలి దశ పోటీలైన హీట్స్‌లో ఓడి, తిరుగు విమానం ఎక్కే ప్రయాణాలకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించి, బలమైన జట్టు దగ్గర సుదీర్ఘ శిబిరానికి మళ్లిస్తే మేలు. వీలైతే ఇద్దరు నడిపే కె-2లో వారి వెనుక సీటులో మనవారిని ఒకరిని కూర్చోబెట్టమని అడగాలి. కె-2 500 మీటర్లు పారిస్ నుంచి పురుషులకూ మళ్లీ ఒలింపిక్ పోటీగా ఉంది గనుక ఇది అందరికీ పనికొచ్చే అభ్యర్థనే. ముందు కూర్చున్నవారు నీటిని పట్టుకున్న క్షణం పడవ కొద్దిగా పైకి లేచినట్టు వెనుక సీటులోని వారి తుంటికి తెలుస్తుంది. రెండు తెడ్లూ ఆ క్షణానికి ఒకేసారి దిగకపోతే ఆ లేవడం ఉండదు. సొంత జట్టులో ఇద్దరమూ ఒకే లోపంతో నడుపుతున్నంత కాలం అలాంటిది ఒకటి ఉందని కూడా మాకు తెలియలేదు.