పింక్ మూన్: 28 నిమిషాల రికార్డు

ఇంగ్లిష్ గాయకుడు, గిటారిస్టు నిక్ డ్రేక్ మూడో ఆల్బమ్, ఆఖరిది కూడా ఇదే. 1971 అక్టోబరులో లండన్ సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రెండు రాత్రుల్లో ముగించారు. ఇంజినీర్ జాన్ వుడ్. గొంతూ గిటారూ, అంతే. టైటిల్ పాటలో మాత్రం తర్వాత కలిపిన చిన్న పియానో ముక్క వినిపిస్తుంది. పాటలు 11.

1972 ఫిబ్రవరిలో ఐలాండ్ అనే రికార్డు కంపెనీ విడుదల చేస్తే కొన్నవాళ్లు తక్కువే. మొదటి బ్రిటిష్ ప్రెస్సింగ్ (తొలి విడత అచ్చయిన రికార్డు) కావాలంటే ఐఎల్‌పీఎస్ 9184 నంబరు, లేబుల్ చుట్టూ గులాబీ అంచు చూసుకోవాలి. డ్రేక్ ఆల్బమ్‌లు కలిపిన 1979 నాటి ఫ్రూట్ ట్రీ బాక్స్ సెట్‌తో జాగ్రత్త: 1974లో రికార్డయిన నాలుగు పాటల్ని ఈ డిస్కు చివర అతికించారు. పింక్ మూన్ స్వభావానికి అవి నప్పవు. 1986 సెట్‌లో వాటిని వేరే డిస్కుకు మార్చి మంచి పని చేశారు. 1999లో ఫోక్స్‌వ్యాగన్ ప్రకటనలో టైటిల్ పాట వచ్చాకే అమ్మకాలు ఊపందుకున్నాయి.

టైటిల్ పాటను గిటారుపై వాయించాలనుకుంటే: తీగల శ్రుతి మందపు తీగ నుంచి సి, జి, సి, ఎఫ్, సి, ఇ, కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) రెండో ఫ్రెట్‌లో. ఆ మందపు ఆరో తీగ మామూలు శ్రుతి కంటే నాలుగు సెమిటోన్లు (అర స్వరాలు) దిగుతుంది కాబట్టి వదులై జరజరలాడుతుంది. అక్కడ ఇంకాస్త లావు తీగ వేయండి. రెండోది మాత్రం ఒక సెమిటోన్ పైకి. పాత తీగైతే అక్కడే తెగుతుంది.