ఊరి పేరు వేయబాకండి

పెళ్లిళ్లలో, తిరునాళ్లలో మైకు పట్టుకునే గొంతు నాది. కనిగిరిలో ఒక ఫ్లెక్సీ షాపు వెనక చిన్న గది అద్దెకు తీసుకుని, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, రికార్డింగ్ రూమ్ అని బోర్డు పెట్టుకున్నా. ఎలక్షన్ వస్తే మాకు పంట. 2024 ఏప్రిల్ నెలాఖరులో ఒక అభ్యర్థి మనుషులు వచ్చారు. ఏ పార్టీ అని అడగకండి. ఆ సీజన్‌లో రెండు వైపులకూ రాసిచ్చా. రెండు వైపులా అడిగింది ఒకటే: "ఘాటు ఉండాలన్నా."

ఘాటు అంటే ఎదుటివాడి పనిని విమర్శించడం అనుకుంటాం. మా దగ్గరకొచ్చే చీటీల్లో మాత్రం పని గురించి ఉండేది తక్కువ, వాడి ఒంటి గురించో ఇంటి గురించో ఉండేది ఎక్కువ. ఈసారి వచ్చిన చీటీలో కూడా ఎదుటి అభ్యర్థి కూతురి కాపురం గురించి రెండు లైన్లు రాసుకొచ్చారు. ఎన్నికల కోడ్ మొదటి భాగంలోనే ఉంటుంది, ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత విషయాల జోలికి పోకూడదని. అది చెబితే వినే రకం కాదు వాళ్లు. "తాళానికి కూర్చోవట్లేదన్నా" అని అబద్ధం చెప్పి తప్పించా. చాలాసార్లు నన్ను కాపాడింది నీతి కాదు, తాళమే.

ఆర్డర్ రెండు ముక్కలు. ఎల్ఈడీ వ్యానుకూ లోకల్ కేబుల్‌కూ ఒక పాట, దాని వెంట ఒక నిమిషం వీడియో. పాటకు పల్లవి నేనే కట్టా:

"కళ్లుండీ గుడ్డోళ్లు, కాళ్లుండీ కుంటోళ్లు,
మన ఊరి కష్టానికి చెవులుండీ చెవిటోళ్లు."

వినగానే వాళ్లు తొడ చరిచారు. నాకూ గర్వంగానే అనిపించింది. ఎవరి పేరూ లేదు, ఎవరి కులమూ లేదు, ఎవరి ఇల్లూ లేదు. ఇంతకన్నా మర్యాదైన తిట్టు ఎక్కడుంది అనుకున్నా.

టీవీలో, కేబుల్‌లో, బహిరంగంగా పెట్టే తెరల మీద వేసే ప్రచారానికి ముందే అనుమతి తీసుకోవాలి. దానికి ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది. అందరూ ఎంసీఎంసీ అంటారు. ఈ పద్ధతి 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు నుంచి వచ్చింది. కేబుల్‌లో రాజకీయ ప్రకటనలే వద్దన్న నిబంధనను మన హైకోర్టు కొట్టేస్తే, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అవతలి పక్షం జెమినీ టెలివిజన్. అంటే ఈ అనుమతి కోసం దేశమంతా నింపుతున్న ఫారానికి మూలం మన కేసే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది, ఎందుకో తెలీదు.

ఫారం పెద్ద కష్టం కాదు. రికార్డింగ్ కాపీలు రెండు, పాటలో ఉన్న ప్రతి మాటా రాసి సంతకం చేసిన కాగితం, తయారీకి ఎంత అయింది, ఎన్నిసార్లు వేస్తారు, ఒక్కోసారికి ఎంత. డబ్బు మొత్తం చెక్కు ద్వారానో డీడీ ద్వారానో ఇస్తామని ఒక మాట రాయాలి. ఇక్కడే మా వాళ్లు గింజుకున్నారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, పాట ఖర్చు కూడా దాన్లోనే పడుతుంది. "తక్కువ వెయ్యన్నా" అన్నారు. నిజమే వేశా, ఎందుకంటే నా రేటే తక్కువ. ప్రసారానికి మూడు రోజుల ముందే ఇవ్వాలి కాబట్టి నామినేషన్ల ఉపసంహరణ అయిన మర్నాడే, ఏప్రిల్ 30న, పొద్దున బస్సెక్కా. పొదిలి దాటి చీమకుర్తి వచ్చేసరికి గ్రానైట్ లారీల వెనక దుమ్ము, కిటికీలోంచి కొలిమి గాలి.

ఒంగోలులో ప్రకాశం భవనం, అంటే కలెక్టరేట్, మెట్లెక్కి కాగితాలు ఇచ్చా. మధ్యాహ్నం పిలిచారు. బల్ల మీద నా కాగితం ఉంది, మూడు మాటల కింద ఎర్ర గీతలున్నాయి. గుడ్డోళ్లు. కుంటోళ్లు. చెవిటోళ్లు.

"ఇది సామెత లాంటిది సార్, మనుషుల్ని అనలేదు" అన్నా.

బల్ల అవతల ఉన్న కమిటీ ఆయన కోప్పడలేదు. ఒక ప్రింటు తీసి నా ముందు పెట్టారు. 2023 డిసెంబర్‌లో ఎన్నికల సంఘం పార్టీలకు రాసిన సూచనలు అవి. గుడ్డి, కుంటి, చెవిటి, మూగ, పిచ్చి లాంటి మాటలతో ఎదుటివాళ్లను తిట్టొద్దని, ప్రచారానికి రాసుకున్నది పార్టీలోనే ఒకసారి చూసుకుని బయటికి పంపమని అందులో ఉంది. దాని వెంట 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 92. అంగవైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. నా పల్లవి ఆ సెక్షన్ కిందికి వస్తుందో రాదో వాదించుకోవచ్చు. పై కమిటీకి అప్పీలు కూడా ఉంది. కానీ పోలింగ్ మే 13న. అప్పీలు తేలేలోగా పాట పాతబడుతుంది.

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో కూర్చుని మళ్లీ రాయడం మొదలుపెట్టా. అప్పుడర్థమైంది మన భాష ఎంతగా ఆ మాటల మీద ఆనుకుని నిలబడిందో. గుడ్డి నమ్మకం. కుంటిసాకు. చెవిటివాడి ముందు శంఖం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఒకటి కొట్టేస్తే ఇంకొకటి తన్నుకొస్తుంది. రాత్రి పదకొండింటికి ఒక లైను బాగా కుదిరింది: "ట్యాంకు నిలబడ్డది గానీ నీళ్లకు కాళ్లు లేవు." బ్రహ్మాండం అనుకుని పడుకున్నా. లైటు ఆర్పాక వెలిగింది. మళ్లీ కాళ్ల దగ్గరికే పోయా.

తెల్లవారుజామున టీ కొట్టు దగ్గర మనిషిని పక్కనబెట్టి నీళ్ల గురించే రాశా:

"పైపొచ్చె మా ఊరికి, నీరే రాలేదు,
ట్యాంకెక్కి చూస్తేను పావురాల కాపురం."

ఫోన్లో పాడి వినిపిస్తే మా వాళ్లు, "పావురమేందన్నా, ఉప్పులేని పప్పులాగుంది" అన్నారు. గత్యంతరం లేక ఒప్పుకున్నారు. మే 2న సర్టిఫికెట్ చేతికొచ్చింది. తర్వాత వ్యాను వెనక పిల్లలు పావురాల కాపురం అని పాడుకుంటూ పరిగెత్తారు. దానివల్ల ఒక్క ఓటు పడిందని నేను చెప్పలేను.

ఇక వీడియో. కనిగిరికి అవతల ఒక ఊరికి వెళ్లాం. మా ప్రాంతం గురించి తెలియనివాళ్లకు ఒక మాట. నీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే. ప్రకాశం జిల్లా 1970లో కదా వచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచి తాగితే పోతుందనుకుంటారు, పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, తర్వాత మోకాళ్లు, నడుము, మెడ. పక్కనుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేవాళ్లు మా దగ్గర ఉన్నారు. అలాంటి నేల మీద తిరగాల్సిన వ్యానుకు నేను "కాళ్లుండీ కుంటోళ్లు" అని పల్లవి కట్టా. ఇది నాకు ఎర్ర గీతలు చూసినప్పుడు తట్టలేదు, ఆ ఊరి అరుగుల ముందు నడుస్తుంటే తట్టింది.

అక్కడ ఒక అవ్వ ఒప్పుకుంది. చేతికర్ర పట్టుకుని ఇంటి నుంచి బోరింగు దాకా నడవాలి. వెలుతురు బాలేదని ఒకసారి, మేక అడ్డొచ్చిందని ఒకసారి, మూడుసార్లు నడిపించాం. అభ్యర్థి మనిషి ఒకతను, "అవ్వా, మోకాళ్లు కనపడేట్టు చీర కొంచెం పైకి" అన్నాడు. ఆమె ఏమీ అనకుండా కొంచెం ఎత్తిపట్టుకుంది. నేను వద్దనలేదు. మైకు సరిచేసుకుంటున్నా. తర్వాత దానికి నేను రాసిన మాటలు: "ఈ అవ్వ కన్నీళ్లు కనపడలేదా?" ఆమె ఏడవలేదు. మా కుర్రాడికి మజ్జిగ ఇచ్చింది.

ఈ వీడియోకు ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు. మే 5కల్లా సర్టిఫికెట్ వచ్చేసింది. ఎవర్నీ తిట్టలేదు, కులం లేదు, మతం లేదు, అబద్ధమూ లేదు. కాగితం మీద అది పూర్తిగా జాలి.

ఆ రాత్రి వ్యానుకు కాపీ చేస్తూ వెనక గాలి హోరు తగ్గిద్దామని అసలు రికార్డింగ్ తెరిచా. షూటింగ్ అయిపోయాక నేను మైకు ఆపడం మర్చిపోయినట్టున్నా. వైర్లు చుడుతున్న చప్పుడు, గిన్నె చప్పుడు, మధ్యలో అవ్వ గొంతు: "అబ్బాయా, ఊరి పేరు మాత్రం వేయబాకండి. మా మనమరాలికి సంబంధం చూసుకోను వస్తున్నారు పైనెల." నా గొంతు: "అట్టాగే అవ్వా, అట్టాగే."

తెర మీద పసుపు అక్షరాల్లో ఊరి పేరు ఉంది. నేనే వేశా. వాళ్లు వేయమన్నారు, వేశా. ఆమె మాట నాకు గుర్తుకూడా లేదు.

ఫ్లోరైడ్ ఊళ్లకు పిల్లనివ్వాలన్నా, అక్కడి పిల్లను చేసుకోవాలన్నా బయటివాళ్లు వెనకాడతారు. అందుకే ఆ ఊళ్లలో చాలామంది నీళ్ల బాధ చెబుతారు గానీ ఊరి పేరు దగ్గర గొంతు తగ్గిస్తారు. ఆమె మోకాళ్లు చూపించడానికి ఒప్పుకుంది. దాచమన్నది ఒక్క పేరు.

పొద్దున్నే పార్టీ ఆఫీసుకు పోయి మార్చాలన్నా. "సర్టిఫికెట్ వచ్చింది కదన్నా, ఇంకేంది? తిట్టలా కొట్టలా, పాపం అన్నాం. పాపం అన్నా తప్పేనా?" అన్నాడు ఇన్‌చార్జి. ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. మనమరాలి సంగతి చెప్పా, పెద్దగా చెవికెక్కలేదు. చివరికి "రేపు ఆ అవ్వ ఎదుటివాళ్ల కెమెరా ముందు ఇదే మాట చెబితే?" అన్నా. ఠక్కున ఒప్పుకున్నాడు.

కానీ అనుమతి వచ్చిన వీడియోలో మార్పు చేస్తే అది కొత్త వీడియో కిందే లెక్క. మళ్లీ ఫారం, మళ్లీ రెండు కాపీలు, మళ్లీ ప్రతి మాటా రాసిన కాగితం, మళ్లీ చీమకుర్తి దుమ్ము. నడక తీసేశా, ముఖం తీసేశా, పేరు తీసేశా, కన్నీళ్లు కొట్టేశా. బిందె అంచు పట్టుకున్న రెండు చేతులు మిగిలాయి, కింద బోరింగు చప్పుడు. మాటలు: "ఈ నీళ్లు తాగుతున్నాం. మంచినీళ్లు కావాలి." నలభై సెకన్లు. మే 9న అనుమతి వచ్చింది. మే 11 సాయంత్రంతో ప్రచారం బంద్. అంటే రెండున్నర రోజులు తిరిగింది.

మే 12న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పాతది వచ్చింది. పసుపు అక్షరాలతో సహా. ఎవరు వదిలారో తెలీదు, పార్టీ ఆఫీసులో నాలుగు ఫోన్లలో ఉంది అది. ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో ఫిర్యాదు చేద్దామని చూశా. ఆ యాప్‌లో అక్కడికక్కడే తీసిన ఫొటోలూ వీడియోలే పంపగలం, ఫోన్లో దాచుకున్నవి పంపలేం. మా బావ గ్రూపు అడ్మిన్, అడిగితే తీసేశాడు. "ఎందుకురా, మంచిగానే ఉంది కదా, పాపం ముసలామె" అన్నాడు. మిగతా గ్రూపుల సంగతి దేవుడికెరుక. అవ్వ దగ్గరికి వెళ్లి చెప్పాలని ఆ వారమంతా అనుకున్నా. వెళ్లలేదు.

జూన్‌లో ఫలితాలు వచ్చాక బిల్లు ఇచ్చా. పాటకు, వీడియోకు ఒప్పుకున్నారు. బిల్లులో మూడో లైను, వీడియో మార్చి మళ్లీ చేసినందుకు, ఒంగోలు రానుపోను ఖర్చులతో కలిపి. ఇన్‌చార్జి దాని మీద పెన్ను పెట్టి, "ఉన్నదాన్ని తీసేసినందుకు కూడా డబ్బులేంది అన్నా?" అని అడ్డంగా గీత కొట్టాడు. ఆ గీత పక్కన సంతకం పెట్టి చెక్కు తీసుకున్నా.