రూర్‌లో గనివాడలు

మాది కడప జిల్లాలో ఎర్రగుంట్లకు దగ్గరి పల్లె. నాపరాయి తీసే గనుల ఒడ్డునే మా ఇళ్లు ఉండేవి. మా నాన్న ముప్పై ఏళ్లు గడ్డపార, సమ్మెట పట్టి బండలు లేపి మమ్మల్ని చదివించారు. అందువల్ల జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు పోయిన వేసవిలో నన్ను అక్కడికి పిలిచినప్పుడు, ముందుగా మూతపడిన గనులను, వాటి పక్కన కార్మికులు కాపురమున్న వాడలను చూపించమని కోరాను.

రూర్ అనేది ఒక నది పేరు. ఆ పేరే పడమటి జర్మనీలోని బొగ్గు, ఉక్కు ప్రాంతమంతటికీ స్థిరపడింది. డూయిస్‌బర్గ్, ఓబర్‌హౌజెన్, ఎస్సెన్, బోఖుమ్, డోర్ట్‌మున్డ్ నగరాలు ఎంతగా పెనవేసుకున్నాయంటే, ఒక ఊరు దాటి మరో ఊళ్లోకి వచ్చిన సంగతి బోర్డు చూస్తే గాని తెలియదు. అక్కడి చివరి బొగ్గు గనిని, బొట్రోప్‌లోని ప్రోస్పర్-హానియెల్‌ను, 2018 డిసెంబరు 21న మూసివేశారు.

అందరూ మొదట వెళ్లేది ఎస్సెన్‌లోని త్సోల్‌ఫెరైన్ గనికి. సింగరేణివారు బొగ్గు గనిని బాయి అన్నట్టే, రూర్‌వారికి త్సెఖె అనే సొంత మాట ఉంది. 1847లో స్థాపించిన ఈ గనిలో, ఫ్రిట్జ్ షుప్, మార్టిన్ క్రెమ్మర్ అనే వాస్తుశిల్పులు రూపకల్పన చేసిన పన్నెండో షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, 1932లో పనిలోకి వచ్చింది. రోజుకు 12,000 టన్నుల బొగ్గును పైకి తేగల ఆ షాఫ్టు మీద 55 మీటర్ల ఇనుప కట్టడం నేటికీ నిలిచి ఉంది. 1986లో గని మూతపడింది. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అది చూడదగినదే. అయినా నా మనసు నిలిచింది అక్కడ కాదు, ఓబర్‌హౌజెన్‌లోని ఐజెన్‌హైమ్‌లో.

ఐజెన్‌హైమ్ రూర్‌లోని కార్మికవాడలన్నిటిలోకీ పాతది. ఇనుప కార్ఖానా పనివారి కోసం 1846లో అక్కడ ఇళ్లు కట్టడం మొదలుపెట్టారు. ఎర్ర ఇటుకల చిన్న ఇళ్లు, వెనుక పెరళ్లు, కొట్టాలు. ఆ ప్రాంతపు కార్మికులు పెరట్లో మేకను పెంచుకొని, దానిని గనివాని ఆవు అనేవారని తమ్ముడు చెప్పగానే, మా వాడలో గుంజలకు కట్టిన మేకలు కళ్ల ముందు మెదిలాయి. 1970ల తొలి సంవత్సరాలలో ఈ వాడను కూల్చివేయాలని చూసినప్పుడు, అక్కడ ఉంటున్నవారే ఒక్కటై నిలిచి, కొందరు విద్యావంతులను తోడు చేసుకొని పోరాడి, దానిని కాపాడుకున్నారు. అందుకే అది ఈనాటికీ జనం కాపురముంటున్న వాడ. ఒకప్పుడు ఆడవారు బట్టలు ఉతుక్కున్న ఉమ్మడి భవనం మ్యూజియం అయింది. గోడల మీది పలకలు ఆ వాడ కథలు చెబుతాయి. ఆ పలకలలోని ప్రతి వాక్యాన్నీ తమ్ముడి చేత తెలుగులో చెప్పించుకుంటూ రెండు గంటలు తిరిగాను.

ఎంషర్ నది సంగతి ఇంకా లోతైనది. కింద బొగ్గు తీసిన కొద్దీ పైనేల కుంగుతుంది. కుంగే నేలలో పూడ్చిన మురుగు గొట్టాలు పగిలిపోతాయి. అందువల్ల నదినే కాంక్రీటు కాలువగా మార్చి, నూరేళ్లకు పైగా మురుగునంతా బయటనే పారించారు. తవ్వకాలు అక్కడి నుంచి తరలిపోయి నేల కుదుటపడ్డాక, 1992లో మొదలైన పనుల్లో భాగంగా డోర్ట్‌మున్డ్ నుంచి డిన్స్‌లాకెన్ దాకా 51 కిలోమీటర్ల భూగర్భ కాలువ తవ్వి, 2021 ముగిసేసరికి నదిని మురుగు నుంచి విడిపించారు. అయితే కుంగిన నేల మళ్లీ పైకి లేవదు. పల్లపు పేటలు మునగకుండా పంపులతో నీరు తోడుతూనే ఉండాలి. ఆ ఖర్చులను వారు శాశ్వత భారాలు అంటారు. గని మూతపడితే పని అయిపోయినట్లే అనుకునే మా ప్రాంతంవారికి ఈ మాట తప్పక చేరాలి.

డోర్ట్‌మున్డ్‌లో ఉక్కు కార్ఖానాను పూర్తిగా తొలగించి, ఆ చోట ఫీనిక్స్ అనే చెరువును తవ్వారు. అందంగానే ఉంది గాని, దాని ఒడ్డున కొత్తగా లేచిన ఖరీదైన ఇళ్లలో పాత కార్ఖానా మనిషికి చోటు దొరకడం కష్టమని నాకు తోచింది.

మా ఊరి పాత గనులలో ఇప్పుడు వాన నీరు నిలిచి ఉంది, చుట్టూ కంచె లేదు. తిరిగి వచ్చిన వారం, నాన్నను వెంటబెట్టుకొని వాటి ఒడ్డున నడిచాను. వేపమాను గని, జంట గని, సుద్దనేల గని అంటూ ప్రతి గుంతకూ ఆయన ఒక పేరు చెప్పారు. ఏ గనిలో ఎవరెవరు కలిసి పనిచేశారో, ఏ పొర బండ ఎంత మందం వచ్చేదో చెప్పారు. ఇరవై మూడు పేర్లు రాసుకున్నాను. ఇంకా పడమటి వైపు గనులు మిగిలి ఉన్నాయి. ఎండ తగ్గాక వెళ్దామన్నారు.