సగటు లోతుతో నేను తిన్న దెబ్బ

చెన్నై గిండీలోని ఒక డిజైన్ ఆఫీసులో చేరిన రెండో నెలలో నా చేతికి వచ్చిన పని ఒక పోర్టికో బీమ్. స్తంభం నుంచి 3 మీటర్లు బయటికి వచ్చే కాంటిలీవర్, అంటే ఒక చివరే ఆధారం ఉన్న బీమ్. వెడల్పు 300 మిల్లీమీటర్లు. లోతు స్తంభం దగ్గర 600, కొసన 300. పైభాగం చదును, అడుగు వాలు.

బద్ధకించి, సాఫ్ట్‌వేర్‌లో సగటు 450 లోతుతో, వాలు లేని ఒకే బీమ్‌గా పెట్టేశాను. కొసన 20 కిలోన్యూటన్ల బరువుకు స్తంభం దగ్గర మూమెంటు (బీమ్‌ను వంచే ప్రభావం) 60 కిలోన్యూటన్-మీటర్లు వచ్చింది. చేత్తో గుణించినా అంతే రావడంతో ధీమాగా కాగితం ఇచ్చాను.

మా సీనియర్‌ది ఒంగోలు. "మూమెంటు కలిసిందని మురిసిపోకయ్యా. కాంటిలీవర్‌లో అది లోతును బట్టి మారదు. డిఫ్లెక్షన్ చూడు" అన్నారు. డిఫ్లెక్షన్ అంటే కొస ఎంత కిందికి వంగుతుందో ఆ కొలత. బరువును దూరంతో గుణించడమే కదా, అందులో లోతు ఊసే లేదు! తప్పు ఉన్నా పట్టలేని పరీక్షను నమ్ముకున్నాను.

ఆ సాయంత్రం ఇంటెగ్రేషన్ దుమ్ము దులిపాను. ఎం25 గ్రేడు కాంక్రీటు, పగుళ్లు లేవనుకుని, షియర్ (బీమ్‌ను అడ్డంగా కోసే బలం) వల్ల వచ్చే వంపు వదిలేస్తే అసలు జవాబు 2.18 మి.మీ. నాది 3.16. ఏకంగా 45 శాతం ఎక్కువ! ఇనర్షియా, అంటే వంపును అడ్డుకునే గుణం, లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి స్తంభం దగ్గరి అడ్డుకోత కొసకంటే ఎనిమిది రెట్లు గట్టిది. మూమెంటు ఎక్కువగా ఉండేదీ అక్కడే. సరిగ్గా అక్కడే నేను 150 మిల్లీమీటర్లు చెక్కేశాను.

తరువాత బీమ్‌ను సమాన ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ దాని నడిమి లోతు ఇచ్చాను. రెండు ముక్కలకు 2.42, నాలుగింటికి 2.24, ఎనిమిదింటికి 2.2. ముక్కలు రెట్టింపైన ప్రతిసారీ తప్పు సుమారు నాలుగో వంతుకు దిగింది. నాలుగు చాలు, ఎనిమిది నా భయానికి. ఇదే వాలు రెండు స్తంభాల మధ్య బిగించిన బీమ్‌లో ఉంటే మూమెంట్లే తారుమారయ్యేవి.

షియర్ మాత్రం ముక్కలతో తెమలలేదు. మెట్లుగా పేర్చిన మోడల్‌కు వాలు తెలియదు, పూర్తి 20 కిలోన్యూటన్లు చూపిస్తుంది. కాంక్రీటు డిజైన్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 456లోని 40.1.1 క్లాజు ప్రకారం, లోతుతోపాటు మూమెంటు పెరిగే ఇలాంటి చోట వాలు వల్ల షియర్‌లో కొంత తీసేయవచ్చు. ప్రభావక లోతు (అడుగు నుంచి పై ఇనుప కడ్డీల దాకా) 550కి దాదాపు 11 కిలోన్యూటన్లు తగ్గుతుంది. సీనియర్ ఆ తగ్గింపు వాడుకోనివ్వలేదు, 20కే రింగులు (షియర్‌ను ఆపే చుట్టు కడ్డీలు) ఇప్పించారు. లోతు పెరిగే వైపు మూమెంటు తగ్గితే ఆ మొత్తాన్ని కలపాలి. సాఫ్ట్‌వేర్ తక్కువ చూపేది అక్కడ.